పది సెకన్ల ప్రశ్న

సాలూరు పొలిమేరలో పిల్లల కోసం నక్షత్రశాల నడిపే దాలినాయుడికి లోకంలో ప్రతి వస్తువునూ అనుమానించే గుణం ఉండేది, ఒక్క తన చేతులను తప్ప. టీ పొంగిపోతే స్టవ్వును అనుమానించేవాడు. సైకిలుకు గాలి దిగిపోతే రోడ్డును తిట్టేవాడు. వాల్వు మూత సరిగా బిగించనిది తనేనేమో అన్న ఆలోచన మాత్రం అతని బుర్ర గడప తొక్కేది కాదు. అయినా మనిషి మంచివాడు, పనిమంతుడు, పిల్లలంటే ప్రాణం పెట్టేవాడు. అందుకే ఆ గుణాన్ని ఎవరూ అంతగా పట్టించుకునేవారు కాదు.

ఆ నక్షత్రశాల పెద్దదేమీ కాదు. వేదవతి టీచరు హైస్కూల్లో ముప్పై ఏళ్ళు ఫిజిక్సు చెప్పి రిటైరైంది. ఆ తర్వాత మూతపడిన ఒక బియ్యం మిల్లు గోడౌను తీసుకుని, లోపల తెల్లగుడ్డతో గుమ్మటం కుట్టించింది. ఒక ప్రొజెక్టరు, ఒక కంప్యూటరు, యాభై చాపలు, అంతే సరంజామా. కంప్యూటరులో లినక్స్ నడిచేది. దాని మీద ఆకాశాన్ని చూపించే ఒక ఉచిత సాఫ్ట్‌వేరు ఉండేది. ఒకప్పుడు టీచరు దగ్గరే పదో తరగతి చదివిన దాలినాయుడు అక్కడ ఆపరేటరు, మెకానిక్కు, చుక్కల కథలు చెప్పేవాడు, అన్నీ తానే.

అక్కడొక ప్రత్యేకత ఉండేది. పిల్లలు తమ పుట్టినరోజును చీటీ మీద రాసిస్తే, ఆ రోజు తమ ఊరి మీద ఆకాశం ఎలా ఉందో దాలినాయుడు గుమ్మటం మీద చూపించేవాడు. కొండ మీది పిల్లలకు చుక్కలు కొత్త కాదు. పట్నం పిల్లలు ఏడాదిలో చూసేన్ని చుక్కలను వాళ్ళు ఒక్క రాత్రిలో చూస్తారు. కానీ తాము పుట్టిన రాత్రి ఏ చుక్క ఎక్కడుందో ఎవరు చూశారు? అందుకే వాళ్ళు కూడా బస్సెక్కి వచ్చేవారు.

ఆ ఏడు వేసవి మొదట్లో కంప్యూటరులోని పాత గ్రాఫిక్స్ కార్డు పాడైంది. బొమ్మను గీసి తెర మీదకు పంపే పని ఆ కార్డుదే. దాలినాయుడు కొత్త కార్డు తెప్పించి బిగించాడు. పనిలో పనిగా లినక్స్ కూడా కొత్తది ఎక్కించాడు. తెర వెలిగింది. చుక్కలు కనిపించాయి. కానీ జారుతూ కదలాల్సిన చుక్కలు కప్పల్లా గెంతసాగాయి.

"ఆడగా ఆడగా అదే సర్దుకుంటాది" అనుకున్నాడు దాలినాయుడు.

సర్దుకోలేదు. ఆ వారంలోనే, బుధవారం నాడు, కొండ మీది ఆశ్రమ పాఠశాల నుంచి పదో తరగతి ఆడపిల్లలు నలభై రెండు మంది వచ్చారు. చీటీలు రాసిచ్చారు. చాపల మీద వెల్లకిలా పడుకున్నారు. ఇద్దరి ఆకాశాలు ఎలాగో గెంతుకుంటూ గడిచాయి. మూడో చీటీ చిలకమ్మ అనే పిల్లది. దాలినాయుడు ఆమె పేరు చదివి, తేదీ కొట్టగానే ఆకాశం మొత్తం బిగుసుకుపోయింది. అతను ఎన్ని మీటలు నొక్కినా చుక్క కదల్లేదు. చివరికి గుమ్మటం నల్లబడింది.

చీకట్లో చిలకమ్మ గొంతు వినిపించింది. "నాది ఇప్పుడొస్తాదా సారూ?"

దాలినాయుడు టార్చి వెలిగించి మళ్ళీ మీటలు నొక్కసాగాడు. అరగంట చూసి పిల్లలు లేచి బస్సెక్కారు. వార్డెను సుగుణ వెళ్ళే ముందు ఒక్క మాట చెప్పింది. "వచ్చే వారం శనివారం దాకా పిల్లలు హాస్టల్లో ఉంటారండీ. ఆ సాయంత్రం ఎవరి ఊరికి వాళ్ళు వెళ్ళిపోతారు. పదో తరగతి కదా, మళ్ళీ నలభై రెండు మంది ఒక్కచోట కలవరు. బాగయితే కబురు చేయండి, శనివారం పొద్దున్నే తీసుకొస్తాను."

"బాగవుతాదండీ, తీసుకొచ్చేయండి" అన్నాడు దాలినాయుడు.

ఆ రాత్రే కూర్చుని చదివి, రోగం ఏమిటో కనిపెట్టాడు. కొత్త కార్డు భాష లినక్స్‌కు సరిగా రాదు. మధ్యలో ఒక దుబాసీ కావాలి. దాన్నే డ్రైవరు అంటారు. లినక్స్‌తో పాటు వచ్చిన డ్రైవరుకు ఆ భాష నాలుగు ముక్కలే వచ్చు. కార్డు చేసినవాళ్ళు ఇచ్చే డ్రైవరును ఎక్కిస్తే మొత్తం వచ్చేస్తుంది. ఇంత తేలికా అనుకుని దాలినాయుడు పొద్దున్నే పనిలో దిగాడు. డ్రైవరు ఎక్కించాడు. మధ్యలో తెర మీద ఇంగ్లీషులో పొడుగాటి పేరా ఒకటి వచ్చి పాస్‌వర్డు అడిగింది. పేరా చదవకుండానే ఏదో ఒకటి ఇచ్చాడు. రీస్టార్టు మీట నొక్కాడు. ఎప్పటిలాగే మానిటరు స్విచ్చి ఆపి, వంద దాకా లెక్కపెట్టి, మళ్ళీ వేశాడు.

చుక్కలు కప్పల్లా గెంతుతూనే ఉన్నాయి. కొత్త డ్రైవరు డిస్కులో ఉంది గాని పనిలోకి దిగలేదని కంప్యూటరు చెప్పింది.

ఇక దాలినాయుడి అనుమానాలకు పండగ వచ్చింది. ముందు కేబులును అనుమానించాడు. విజయనగరం నుంచి కొత్త కేబులు తెప్పించాడు. తర్వాత కార్డు బిగించిన గాడిని అనుమానించి, కార్డును పక్క గాడిలోకి మార్చాడు. తర్వాత డ్రైవరు మరీ కొత్తదని పాతది ఎక్కించాడు. పాతది మరీ పాతదని మధ్యరకం ఎక్కించాడు. ఆ తర్వాత లినక్స్‌నే అనుమానించాడు. ఉన్నది తుడిచేసి ఇంకో రకం లినక్స్ వేశాడు. ప్రతిసారీ డ్రైవరు ఎక్కించడం, పాస్‌వర్డు ఇవ్వడం, రీస్టార్టు చేయడం, మానిటరు ఆపి వంద లెక్కపెట్టడం, వేసి చూసి తల పట్టుకోవడం. ఇదే వరస.

లినక్స్ వాడేవాళ్ళు ఒకరికొకరు సాయం చేసుకునే చోటు ఇంటర్నెట్‌లో ఒకటుంది. దాలినాయుడు అక్కడ తన గోడు రాశాడు. ఏ ఊరివాడో ఒకాయన ఓపిగ్గా అడిగాడు: "రీస్టార్టు చేసినప్పుడు నీలిరంగు తెర ఏదైనా వచ్చిందా?"

దాలినాయుడికి ఒళ్ళు మండింది. "రాలేదు. నేను కంప్యూటరు ముందే నిలబడి ఉన్నాను" అని రాశాడు.

అది అబద్ధం కాదు. అతను నిజంగానే ముందే నిలబడి ఉన్నాడు. ఆ పెద్దమనిషి ఇంకేం అడుగుతాడు? ఊరుకున్నాడు.

మరుసటి వారం శుక్రవారం మధ్యాహ్నానికి దాలినాయుడు కార్డు దగ్గరికి వచ్చి ఆగాడు. అనుమానించడానికి ఇంకేమీ మిగల్లేదు. వేదవతి టీచరు కేరియరులో పులిహోర పట్టుకుని వచ్చేసరికి అతను కార్డును ఊడదీసి ఒళ్ళో పెట్టుకుని దిగాలుగా కూర్చున్నాడు.

"ఏం తేలింది నాయుడూ?"

"కార్డే దొంగసరుకండీ. అమ్మినోడు మోసం చేసినాడు. ఇంక నానేటి చేయలేనండీ. సుగుణమ్మగారికి ఫోను చేసి రావొద్దని చెప్పీమంటారా?" అన్నాడు.

టీచరుకు ఆ మాట విని బాధ కలిగింది. కానీ ఆమెకు బాధ కంటే కుతూహలం ఎక్కువ. ఏదైనా ఎందుకు పనిచేయడం లేదో తెలియకపోతే ఆమెకు అన్నం సయించదు. "కార్డు దొంగదని నీకెలా తెలుసు?" అని అడిగింది.

"మిగతావన్నీ మార్చి చూసినానండీ. మార్చనిది ఇదొక్కటేనండీ."

"అన్నీ అంటే ఏవేవి? ఎక్కడైనా రాసుకున్నావా?"

"రాసుకోడం ఎందుకండీ, అన్నీ బుర్రలో ఉన్నాయి."

"నీ బుర్ర సంగతి నాకు పదో తరగతి నుంచీ తెలుసులే" అంది టీచరు. కేరియరు పక్కన పెట్టి, సంచిలోంచి నోటుబుక్కు తీసింది. "నా ల్యాబులో పద్ధతి గుర్తుందా? ఏమైందో రాసే ముందు, ఏం చేశామో రాయాలి. కార్డు మళ్ళీ బిగించు. నువ్వు చేస్తూ ఉండు, నేను రాస్తాను. నాకు కంప్యూటరు అంతగా తెలియదు. అందుకని కంప్యూటరు ఏం చేసిందో రాయను. నువ్వేం చేశావో అదే రాస్తాను."

దాలినాయుడు లోపల విసుక్కుంటూనే మొదలుపెట్టాడు. టీచరు కళ్ళజోడు ముక్కు మీదికి దించుకుని ఒక్కొక్కటే రాసుకుంటూ పోయింది. పాత డ్రైవరు తీశాడు. కొత్త డ్రైవరు ఎక్కించాడు. తెర మీద పొడుగాటి పేరా వచ్చింది.

"అదేమిటి అడుగుతోంది?"

"ఏదో పాస్‌వర్డండీ. ప్రతిసారీ అడుగుతాది. ఎనిమిది అక్షరాలైనా ఉండాలంటాది."

"ఏమిచ్చావు?"

"చిరాకు అనిచ్చినానండీ. ఇంగ్లీషులో రెండు ఏ లు పెట్టి కొడితే సరిగ్గా ఎనిమిది వస్తాయి."

టీచరు నవ్వలేదు. ఆ ఎనిమిది అక్షరాలూ పుస్తకంలో రాసుకుంది. "దేనికి అడుగుతోంది?"

"భద్రతకండీ."

"పాస్‌వర్డు అన్నాక, ఇప్పుడిస్తే తర్వాత ఎక్కడో మళ్ళీ అడగాలి కదా. ఎక్కడ అడిగింది?"

"ఎక్కడా అడగలేదండీ" అన్నాడు కొంచెం ఆలోచించి. ఇన్ని రోజుల్లో అతనికి ఆ సందేహం ఒక్కసారి కూడా రాలేదు.

"చిత్రంగా ఉందే" అంది టీచరు. ఆ వరసకు ఎదురుగా ఒక ప్రశ్నార్థకం పెట్టుకుంది. "సరే, కానీయ్."

దాలినాయుడు రీస్టార్టు మీట నొక్కాడు. చెయ్యి చాపి మానిటరు స్విచ్చి ఆపాడు. గోడ వైపు చూస్తూ ఒకటి, రెండు, మూడు అని లెక్క మొదలుపెట్టాడు. టీచరు కలం ఆగిపోయింది.

"ఇప్పుడేం చేశావు?"

"రీస్టార్టు చేసినానండీ. పన్నెండు, పదమూడు..."

"అది రాశాను. తర్వాత ఏం చేశావు?"

"ఏమీ చేయలేదండీ."

"చేశావు. నీ ఎడమచెయ్యి మానిటరు ఆపింది."

దాలినాయుడు తన ఎడమచేతిని ఎవరిదో అన్నట్టు చూసుకున్నాడు. "అదా? అది చేయడం కాదండీ. అది మామూలే."

"మామూలు అన్నదానికి నా పుస్తకంలో గడి లేదు. ఎందుకు ఆపావు?"

"ఆపాలండీ. రూలు."

"ఎవరు పెట్టిన రూలు?"

దాలినాయుడు ఇబ్బందిగా కదిలాడు. తల గోక్కున్నాడు. "మీరేనండీ" అన్నాడు.

టీచరు కలం కింద పెట్టేసింది. ఆమెకు ఒక్కసారిగా అంతా గుర్తొచ్చింది. ఏడేళ్ళ కిందట, నక్షత్రశాల తెరిచిన మొదటి నెలలో, గోడౌనుకు ఇంకా మిల్లు కాలం నాటి పాత వైర్లే ఉండేవి. కరెంటు ఎగిరెగిరి పడేది. ఒకరోజు కంప్యూటరు వేస్తూండగా మానిటరులోంచి పొగ వచ్చి కాలిపోయింది. ఆమే భయపడి, కంప్యూటరు లేచేటప్పుడు మానిటరు ఆపి ఉంచాలని, వంద లెక్కపెట్టాకే వేయాలని ఎర్రసిరాతో కాగితం మీద రాసి తలుపు వెనక అంటించింది. మరో రెండేళ్ళకు వైర్లన్నీ కొత్తవి వేయించారు. స్టెబిలైజరు కొన్నారు. ఎర్రసిరా కాగితం ఊడి ఎటో పోయింది. రూలు మాత్రం దాలినాయుడి ఎడమచేతిలో ఉండిపోయింది.

"స్టెబిలైజరు పెట్టి అయిదేళ్ళయింది కదయ్యా, ఇంకా ఎందుకు ఆపుతున్నావు?"

"మీరు మానీమని చెప్పలేదు కదండీ."

"నువ్వు ఎందుకని అడగలేదు కదా."

ముందు టీచరుకే నవ్వొచ్చింది. "పెట్టి మరిచిపోవడం నా తప్పు. మరవకుండా చేయడం నీ తప్పు. పద, ఇప్పుడు అదొక్కటీ మార్చి చూద్దాం. ఇంకేదీ ముట్టుకోకు. మొదటి నుంచీ మళ్ళీ చెయ్యి, మానిటరు జోలికి మాత్రం వెళ్ళకు."

దాలినాయుడు మానిటరును తడిమి చూశాడు. "మానిటరు కాలిపోతే రేపు పిల్లలకు గెంతే చుక్కలు కూడా ఉండవండీ."

"కాలితే పిల్లలకు నేను చెప్పుకుంటాను. నీకు మాత్రం ఆ నల్లతెర మీద ఏముందో చూడాలని లేదూ?"

ఉంది. అప్పటికే దాలినాయుడిలో భయాన్ని పక్కకు నెట్టి ఆ కోరిక లేచి కూర్చుంది. మళ్ళీ డ్రైవరు ఎక్కించాడు. మళ్ళీ చిరాకు అని కొట్టాడు. రీస్టార్టు నొక్కాడు. ఎడమచెయ్యి అలవాటుగా స్విచ్చి వైపు వెళ్ళబోతే కుడిచేత్తో పట్టుకుని ఆపాడు.

తెర నల్లబడింది. రెండు క్షణాలు ఏమీ లేదు. తర్వాత నిండా నీలిరంగు పరుచుకుంది. మధ్యలో తెల్లటి అక్షరాలు: అనుమతి ఇవ్వాలంటే ఏదైనా మీట నొక్కండి. దాని కింద ఒక అంకె. పది. తొమ్మిది. ఎనిమిది.

"ఓలమ్మో, ఇదేటండీ!" అన్నాడు దాలినాయుడు.

"తర్వాత ఆశ్చర్యపోదువు గాని, ముందు నొక్కు!"

అంకె మూడు దగ్గరుండగా అతను మీట నొక్కాడు. లెక్క ఆగింది. కొత్త డ్రైవరును లోపలికి రానివ్వాలా అని కంప్యూటరు అడిగింది. అవునన్నాడు. అయితే పాస్‌వర్డు చెప్పమంది. కంగారులో మొదటిసారి తప్పు కొట్టాడు. రెండోసారి టీచరు పుస్తకంలో చూసి ఒక్కొక్క అక్షరమే చదివింది, అతను కొట్టాడు. కంప్యూటరు ఒప్పుకుని మళ్ళీ రీస్టార్టయింది.

ఈసారి తెర తేటగా వెలిగింది. దాలినాయుడు ప్రొజెక్టరు వేశాడు. గుమ్మటం మీద పాలపుంత నిండుగా పరుచుకుని, ఎక్కడా తొణక్కుండా తూర్పు నుంచి పడమరకు జారింది. ఒక్క చుక్క కూడా గెంతలేదు.

ఇద్దరూ చాపల మీద కూర్చుని పులిహోర తింటూ ఆ పొడుగాటి పేరాను చివరిదాకా చదివారు. కంప్యూటరు గుమ్మంలో ఒక కావలి ఉంటాడట. కొత్త డ్రైవరు వస్తే ఆపి, ఇంటివాళ్ళు ఒప్పుకున్నారా అని ఒకసారి అడుగుతాడట. పది సెకన్లు చూసి, ఎవరూ పలక్కపోతే డ్రైవరును బయటే ఉంచేసి తన పని తాను చూసుకుంటాడట.

"ఇన్ని రోజులూ ప్రతిసారీ అడిగినాడండీ" అన్నాడు దాలినాయుడు. "నానే ఆడి మొహం మీద తెర ఆర్పీసినాను." అతనికి సిగ్గుగా అనిపించింది. కేబులును, లినక్స్‌ను, మొహం తెలియని కార్డు వ్యాపారిని అన్యాయంగా ఆడిపోసుకున్నందుకు బాధగా కూడా అనిపించింది. వెంటనే ఇంటర్నెట్‌లో ఆ పెద్దమనిషికి రాశాడు: "నీలితెర ప్రతిసారీ వచ్చిందండీ. నేనే మానిటరు ఆపేసి, రాలేదని చెప్పాను. క్షమించండి." తర్వాత సుగుణకు ఫోను చేశాడు.

శనివారం పొద్దున్న నలభై రెండు మంది వచ్చారు. దాలినాయుడు అందరికంటే ముందు చిలకమ్మ చీటీ తీశాడు. జూలై ఒకటో తేదీ అని ఉంది. ఆ రోజు ఆకాశాన్ని తెల్లవారుజాము దాకా నడిపించాడు. పిల్లలు ఆహా అన్నారు. చిలకమ్మ మాత్రం లేచి కూర్చుంది.

"ఇది నా రాత్రి కాదు సారూ."

"చీటీ నువ్వే రాసినావు కదమ్మా?"

"అది బళ్ళో వేసినప్పుడు రాసిన తేదీ సారూ. మా ఊరి పిల్లలందరికీ అదే రాసీసినారు."

టీచరు చీటీలన్నీ తిరగేసి చూసింది. జూలై ఒకటి అని పదకొండు చీటీలున్నాయి. పదో తరగతి దాకా వచ్చారు గాని, ఎందుకలా రాశారని బడిలో అడిగినవాళ్ళు లేరు.

మునుపటి దాలినాయుడైతే చిలకమ్మ మాటనే అనుమానించేవాడు. ఇప్పుడు అతనికి తెలుసుకోవాలని మనసు పీకింది. "ఇది నీది కాదని నీకెలా తెలుసు?" అని అడిగాడు.

"మా అమ్మ సెప్పింది సారూ. నాను పుట్టీసరికి కోడి కూసిందంట. అమ్మ వాకిట్లోకి సూస్తే పిల్లలకోడి సుక్కలు సరిగ్గా నడినెత్తిన ఉన్నాయంట. ఇక్కడేమో తూరుపు కొండ మీద ఉన్నాయి."

నిజమే. తల్లి చుట్టూ కోడిపిల్లలు మూగినట్టుండే ఆ చుక్కల గుంపు గుమ్మటం మీద తూర్పు వైపు కిందుగా ఉంది. దాలినాయుడు సాఫ్ట్‌వేరులో గడియారాన్ని కోడికూత వేళకు పెట్టి అలాగే ఉంచాడు. తేదీ ఒక్కటే వారం వారం ముందుకు జరిపాడు. జూలై గడిచింది. చుక్కల గుంపు కొంచెం పైకెక్కింది. ఆగస్టు గడిచింది. ఇంకాస్త పైకెక్కింది. పిల్లలంతా నెలలు లెక్కపెడుతూ చూస్తున్నారు. సెప్టెంబరు రెండో వారానికి వచ్చేసరికి పిల్లలకోడి సరిగ్గా గుమ్మటం నడిమధ్యకు చేరి నిలబడింది.

"అదే సారూ!" అని కేక పెట్టింది చిలకమ్మ. "సామ కోతల రోజులని కూడా అమ్మ సెప్పింది. అయితే నాను సెప్టెంబరు పిల్లనా?" ఆ పిల్ల మళ్ళీ వెల్లకిలా పడుకుని, తల్లి చూసిన ఆకాశాన్ని కళ్ళార్పకుండా చూసింది. ఆమె చెంపల మీదుగా నీళ్ళు జారి చాప మీద పడ్డాయి. మిగతా పదిమంది జూలై పిల్లలూ మీద పడ్డారు. నాకూ చూడండి సారూ, మా అమ్మ వేగుచుక్క అంది సారూ అంటూ దాలినాయుణ్ణి చుట్టుముట్టారు. గంటలో అయిపోవలసిన ఆట మధ్యాహ్నం దాకా సాగింది.

కాబట్టి పిల్లలూ, చిక్కు ఎక్కడుందో తెలియనప్పుడు ఊళ్ళో ఉన్న వస్తువులన్నిటినీ అనుమానించే ముందు, ఎందుకని అడగకుండా మనం రోజూ చేసుకుపోతున్న అలవాటునే మొదట అనుమానించాలి.